మెడలోని బిళ్ళ – మనస్సులోని చింత

పాఠ్యభాగములు: లేవీయకాండము 13:1–8, న్యాయాధిపతులు 6:36–40, మత్తయి 6:25–34, ఫిలిప్పీయులకు 4:4–9, 1 పేతురు 5:6–11

కాలికి ముల్లు గ్రుచ్చుకొని చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట తెలుగు పల్లెలలో ప్రతి తల్లికిని తెలిసిన సంగతియే. పుండు మానినచో బిళ్ళ తానే కరగునని ఆమె చెప్పును; బిడ్డ మరల ఆటలో పడును. ఆ బిళ్ళనే వైద్యులు లింఫు గ్రంథి వాపు అందురు. చెవి క్రింద, దవడ క్రింద, చంకలో, గజ్జలో చేతికి తగులు ఈ చిన్న వాపును చూచి కొందరు విశ్వాసులు నెలల తరబడి నిద్ర లేక బాధపడుచున్నారు. వైద్యుడు పరీక్షించెను, భయము లేదని చెప్పెను. చెవి ఆ మాట విన్నది, హృదయము దానిని అంగీకరింపలేదు. ఇట్టి బాధ ఎట్టిది? ఇందులో వైద్యుని పని ఏది, సంఘము పని ఏది, దేవుని వాక్యము పని ఏది? ఈ మూడు ప్రశ్నలే ఈ పాఠమునకు విషయము.

1. శరీరములోని కావలివారు

మానవ శరీరములో సుమారు 600 లింఫు గ్రంథులు కలవని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. చిక్కుడు గింజ ఆకారములో నుండు ఈ గ్రంథులు పట్టణ ద్వారముల యొద్ద నిలుచు కావలివారి వంటివి. కణజాలములనుండి ప్రవహించు లింఫు ద్రవము వీటిగుండా వడగట్టబడి తిరిగి రక్తములో కలియును. గొంతు పుండైనను, పంటికి పుచ్చు పట్టినను, తలలో కురుపు లేచినను, ఆ ప్రాంతపు గ్రంథి రోగక్రిములతో పోరాడుచు ఉబ్బును. అట్టి వాపు గ్రంథి పనిచేయుచున్నదనుటకు గుర్తు. క్రిములు నశించిన తరువాత కూడ కొన్ని గ్రంథులు బఠాణీ గింజవలె మిగిలి, సంవత్సరముల తరబడి చేతికి తగులుచుండును. సన్నని దేహము గలవారికి ఇవి మరింత తేలికగా తగులును. మెడలో ఒక సెంటీమీటరుకు లోబడి, మెత్తగా, వ్రేళ్ళ క్రింద కదలుచుండు గ్రంథి సాధారణముగా భయపడదగినది కాదు.

అయితే ప్రతి వాపును తేలికగా తీసికొనరాదు. నాలుగు వారములు గడచినను తగ్గనిది, దినదినము పెరుగునది, రాయివలె గట్టిగానుండి కదలనిది, కంఠపుటెముకకు పైన లేచినది, జ్వరముతోను రాత్రి చెమటలతోను కారణము లేని బరువు తగ్గుటతోను కూడినది — ఇవి ఆలస్యము చేయక వైద్యునికి చూపవలసిన గుర్తులు. మన దేశములో మెడ గ్రంథుల వాపునకు క్షయ ఒక ముఖ్య కారణము. పూర్వులు గండమాల అని పిలిచినది చాలవరకు ఇదియే. 1882 మార్చి 24న రాబర్ట్ కోక్ క్షయక్రిమిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించెను. నేడు ఈ వ్యాధికి ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగా మందులిచ్చుచున్నారు. పూర్తికాలము వాడినవారిలో అత్యధికులు స్వస్థులగుచున్నారు. సందేహమున్నచో వైద్యుడు సన్నని సూదితో గ్రంథినుండి కొన్ని కణములను తీయించి సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించును. కనుక మొదటి కర్తవ్యము స్పష్టము: చూపించుకొనవలెను. ప్రార్థన చేయుచున్నామను పేరుతో పరీక్షను వాయిదా వేయుట విశ్వాసము కాదు. లూకాను ప్రియుడైన వైద్యుడని పేర్కొన్న పౌలు (కొలొస్స. 4:14), తిమోతి కడుపు జబ్బునకు తగిన ఉపచారము చెప్పుటకు వెనుదీయలేదు (1 తిమోతి 5:23).

ఈ పాఠము ముఖ్యముగా ఆ పరీక్ష జరిగిన తరువాతి దినములను గూర్చినది.

2. ఉక్కు పట్టణములో ఒక ఉదాహరణ

దుర్గ్ జిల్లాలోని భిలాయి ఉక్కు కర్మాగారము సోవియట్ దేశపు సహకారముతో నిర్మింపబడెను. 1955లో ఒడంబడిక జరిగెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాదు మొదటి కొలిమిని ప్రారంభించిరి. ఆ కొలిమి వెలుగును చూచి దేశపు నలుమూలలనుండి జనులు వచ్చిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల తెలుగువారు అనేకులు అక్కడ స్థిరపడిరి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమేర్పడునప్పటికే వారి పిల్లలు హిందీలో చదువుకొని, తెలుగులో ప్రార్థించు తరమైరి.

అట్టి పట్టణములో, ఉదాహరణకై, నలుబది యేండ్ల ఒక తెలుగు విశ్వాసిని ఊహించుకొనవచ్చును. షిఫ్టు ముగించి ఇంటికి వచ్చి గడ్డము గీచుకొనుచుండగా దవడ క్రింద ఒక బిళ్ళ అతని వ్రేలికి తగిలినది. అదే నెలలో తోటి పనివాడొకడు క్యాన్సరుతో మరణించెను. ఇతడు సెక్టార్ 9లోని ఆసుపత్రికి వెళ్ళెను. వైద్యుడు మెడను తడవి, నోరు తెరిపించి, పుచ్చిన పంటిని చూపి, రక్తపరీక్ష చేయించి, భయము లేదనెను. ఆ రాత్రి అతడు హాయిగా నిద్రించెను. మూడవ దినమున అద్దము ముందు నిలిచి మరల తడవి చూచెను. “ఏమే, ఇది నిన్నటికంటె పెరిగినట్లున్నదా, చూడు” అని భార్యను పిలిచెను. “లేదండీ, అట్లనే ఉన్నది” అని ఆమె చెప్పెను. సాయంకాలము మరల అడిగెను. వారము తిరుగకముందే రాయపూరులో మరియొక వైద్యుడు. నెల తిరుగకముందే స్కానింగు. ఆ తరువాత వేలూరుకు పోవుటకు సెలవు చీటి. ప్రతి చోటను అదే జవాబు. ప్రతి జవాబు రెండు మూడు దినములకంటె ఎక్కువ నిలువలేదు. పిల్లల చదువునకు దాచిన సొమ్ము తరిగెను. ఆదివారపు ఆరాధనలో అతని చెయ్యి కీర్తనల పుస్తకము మీద కాక మెడ మీదనే ఉండెను.

ఇట్టివాడు భిలాయిలోనే కాదు, గుంటూరులోను, ఖరగ్‌పూరులోను, దుబాయిలోను ఉండవచ్చును. స్వంత ఊరికి దూరముగా నున్నవారికి ఈ బాధ మరింత బరువగుచున్నది. ఏలయనగా పుండు మానినచో బిళ్ళ తానే కరగునని చెప్పు పెద్దలు వారి ప్రక్కన లేరు.

3. ధైర్యపు మాట ఎందుకు నిలువదు?

అతనికి వాపు నిజమే, భయమును నిజమే. అతడు నటించుటలేదు. అయితే భయమునకును వాపునకును మధ్య ఒక గానుగ తిరుగుచున్నది. భయము కలుగగా చెయ్యి మెడమీదికి పోవును. పదే పదే నొక్కుటచే ఆ చోటు నొప్పి పుట్టును, కొంత ఉబ్బినట్లును తోచును. ఆ నొప్పి భయమునకు సాక్షియగును. భయము పెరుగగా అతడు ఎవరినో అడుగును. జవాబు విని క్షణకాలము తేరుకొనును. ఆ తేరుకొనుటయే అడుగుట మంచిదని మనస్సునకు నేర్పును. కనుక తరువాతి భయము మరింత త్వరగా వచ్చి మరింత గట్టిగా అడుగును. 1986లో సాల్కోవ్‌స్కిస్, వార్విక్ అను ఇద్దరు మనోవైద్య పరిశోధకులు ఈ వలయమును వివరించి, మాటిమాటికి ధైర్యము చెప్పించుకొనుటయే ఈ బాధను నిలిపియుంచు కారణములలో ఒకటని చూపిరి. దాహమునకు ఉప్పునీరు త్రాగినవాని గతియే ఇది.

ఈ బాధ క్రొత్తది కాదు. ఆంగ్ల నిఘంటువును 1755లో వెలువరించిన శామ్యూల్ జాన్సన్ పసితనమున మెడ గ్రంథుల గండమాలతో బాధపడెను. రాజహస్తము తగిలినచో ఆ వ్యాధి పోవునని నాటి జనుల నమ్మకము. 1712లో తల్లి అతనిని లండనుకు తీసికొనిపోగా అన్ రాణి అతనిని ముట్టెను. ఆ సమయమున ఇచ్చిన బంగారు బిళ్ళను జాన్సన్ జీవితాంతము మెడలో ధరించెను. గండమాల గాట్లు మెడపై మిగిలెను. భక్తిపరుడైన ఆ పండితుని మరణభయము కూడ తీరలేదు. అతడు 75 ఏండ్లు బ్రదికెను, ఆ ఏండ్లలో అనేకము మతి చలించునేమోయను భయముతో గడచెను. అతని స్నేహితుడైన బాస్వెల్ 1777నుండి 1783వరకు ఈ విచారరోగము పేరనే 70 వ్యాసములు వ్రాసెను. రాణి స్పర్శయైనను, స్నేహితుని కలమైనను మనస్సులోని బిళ్ళను కరగింపలేకపోయెను.

అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథము 2013లో పాత పేరును విడిచి దీనిని రోగభయ రుగ్మతగాను, శారీరక లక్షణ రుగ్మతగాను విభజించెను. పేరు మార్చుటలో ఒక కనికరమున్నది: పాత పేరు నిందగా మారినది గనుక దానిని వదలిరి.

4. అంతము గల పరీక్ష

లేవీయకాండము 13వ అధ్యాయము చదువరులు సాధారణముగా త్వరగా దాటిపోవు భాగము. అయినను దేహముపై కనబడిన వాపు విషయమై అందులో ఒక క్రమము కలదు. అచ్చటి వాపు చర్మమునకు సంబంధించినది. గ్రంథుల వాపును గూర్చి మోషే వ్రాయలేదు. అయినను పరీక్షా క్రమము గమనింపదగినది.

మొదటిది, దేహముపై వాపుగాని మచ్చగాని కనుగొనినవాడు తనకు తానే తీర్పు తీర్చుకొనరాదు. అతనిని యాజకుని యొద్దకు తీసికొనిరావలెను. రెండవది, యాజకుడు చూచి, సందేహమున్నచో ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచవలెను. ఏడవ దినమున మరల చూడవలెను. అవసరమైనచో మరి ఏడు దినములు. ఆ మధ్య దినములలో గంటగంటకు చూచుటకు ఏర్పాటు లేదు. మూడవది, ఆ పొడ వ్యాపింపనిచో యాజకుడు అతడు పవిత్రుడని ప్రకటించవలెను. అతడు బట్టలు ఉదుకుకొని తన జీవితమునకు తిరిగి పోవలెను. నాలుగవది, తరువాత అది నిజముగా వ్యాపించినచో మరల కనబడవచ్చును (13:7). అనగా మరల చూపించుటకు కారణము కనబడిన మార్పే గాని లోపలి కలవరము కాదు.

ఈ క్రమములో ఎంతటి వివేకమున్నదో చూడుడి. పరీక్ష ఉన్నది, దానికి గడువున్నది, గడువునకు అంతమున్నది. చూచువాడు వేరు, చూపించుకొనువాడు వేరు. తీర్పు బయటినుండి మాటరూపముగా వచ్చును. దానిని విన్నవాడు దానిమీద ఆనుకొని లేచి నడువవలెను. నేటి వైద్యుడు సైతము కొన్ని వాపుల విషయములో రెండు మూడు వారములాగి మరల రమ్మని చెప్పును. ఆ మాట నిర్లక్ష్యము కాదు. వేచియుండుట కూడ పరీక్షలో భాగమే. ఆ వారములలో దినమునకు ఇరువదిమారులు తడవి చూచువాడు తానే రోగియు తానే యాజకుడునై కూర్చుండి, ఎన్నటికిని తీర్పు చెప్పలేక శ్రమపడుచున్నాడు.

గిద్యోను చరిత్ర ఇదే సంగతిని మరియొక ప్రక్కనుండి చూపును. అతడు గొఱ్ఱెబొచ్చు తడియవలెనని అడిగెను, తడిసెను. నిశ్చయము చాలక, బొచ్చు ఆరియుండి నేల తడియవలెనని అడిగెను, అట్లే జరిగెను. దేవుడు అతనిపై కోపపడలేదు. బలహీనుని రెండవ ప్రశ్నను కూడ ఆయన సహించెను. అయితే మూడవ గురుతు అడిగినట్లు వ్రాయబడలేదు. తరువాతి అధ్యాయములో గిద్యోను దండు 300 మందికి తగ్గింపబడెను. పైకి కనబడు ఆధారము పెరుగుటకు బదులు తరిగెను. ఆ స్థితిలోనే అతడు బయలుదేరెను. రెండవ వైద్యుని అభిప్రాయమడుగుట పాపము కాదు, ఒక్కొక్కప్పుడు అది అవసరము. అయిదవ, ఆరవ అభిప్రాయమునకై తిరుగువాడు మాత్రము గొఱ్ఱెబొచ్చు యొద్దనే కూర్చుండిపోయినవాడు.

5. చింత అను మాటను గూర్చి

మత్తయి 6వ అధ్యాయములోను ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయములోను చింతకు వాడబడిన గ్రీకు ధాతువు మెరిమ్నావో. విభజించుట అను అర్థము గల మాటతో దీనికి సంబంధమున్నదని అనేక పండితులు తలంచిరి. ఆ వ్యుత్పత్తి ఎట్లున్నను, అనుభవము దానికి సాక్ష్యమిచ్చుచున్నది: చింతించువాని మనస్సు రెండుగా చీలును. ఒక భాగము బల్లయొద్ద పిల్లలతో కూర్చుండును. రెండవ భాగము మెడలోని బిళ్ళయొద్ద కావలి కాయును.

మత్తయి 6:27లో చింతించుటవలన ఎవడును మూరెడు కూడ చేర్చుకొనలేడని ప్రభువు చెప్పెను. దేనికి చేర్చుట? అక్కడి గ్రీకు మాట హెలికియా. దానికి ఎత్తు అనియు, వయస్సు లేక ఆయుష్షు అనియు రెండర్థములు కలవు. తెలుగు బైబిలు అనువాదకులు ఎత్తు అను అర్థమును గ్రహించిరి. ఆయుష్షు అను అర్థమును గ్రహించిన అనువాదములును పెక్కు కలవు. రెండవ అర్థమే రోగభయముతో బాధపడువానికి సూటిగా తగులును. ఎవని ప్రయాసమంతయు తన ఆయుష్షునకు ఒక మూర చేర్చుటకే యున్నదో, వాడు ఆ ప్రయాసములోనే చేతనున్న దినములను పోగొట్టుకొనుచున్నాడు.

1 పేతురు 5:7లో తెలుగు చదువరికి తెలియని ఒక సొగసు దాగియున్నది. తెలుగులో విశ్వాసి చింతకును, విశ్వాసిని గూర్చిన దేవుని తలంపునకును ఒకే మాట కనబడును. గ్రీకులో రెండు మాటలు వేరు. విశ్వాసిది మెరిమ్నా, అనగా చీల్చు కలవరము. దేవునిది మెలెయి, అనగా ఇది నాది, దీనిని నేను పట్టించుకొందునను శ్రద్ధ. దేవుడు విశ్వాసివలె కలవరపడుటలేదు, కలవరపడక పట్టించుకొనుచున్నాడు. మోపబడు భారము కలవరము, దానికి మారుగా లభించునది శ్రద్ధ. అక్కడ వేయుట అను క్రియయే లూకా 19:35లో శిష్యులు గాడిదపిల్లమీద తమ బట్టలు వేసిన సందర్భమునను వాడబడినది. బట్ట తీసి జంతువుమీద వేసినవాడు ఆ బట్టను తన భుజముమీద మోయడు.

కీర్తన 139:23లో దావీదు తన ఆలోచనలను పరీక్షింపుమని దేవుని అడుగుచున్నాడు. అక్కడ ఆలోచనలని తెలుగులో వచ్చిన హెబ్రీ మాట పాత నిబంధనలో మరి ఒక్కచోటనే, అనగా కీర్తన 94:19లో కనబడును. అచ్చట దానికి విచారములని తెలుగు చేయబడెను. రెంటిని కలిపి చదివినచో దావీదు ప్రార్థన మరింత తేటయగును: అతడు తన కలవరపు తలంపులనే పరీక్షకు అప్పగించుచున్నాడు. ఆ పరీక్షకుడు అతని అంతరింద్రియములను తల్లి గర్భములోనే నిర్మించినవాడు (139:13). దేహములోని ప్రతి గ్రంథిని ఎరిగినవాడు ఒక్కడున్నాడు. ఆ పని ఆయనది గనుక అద్దము ముందు రాత్రియంతయు నిలువవలసిన పని విశ్వాసికి లేదు.

6. నిశ్చయత ఎక్కడ దొరకును?

ఇక్కడ ఒక కఠినమైన సత్యమును దాచరాదు. వైద్యుడు భయము లేదని చెప్పినప్పుడు అతడు తనకు తెలిసినంతవరకు, ఆనాటి పరీక్షలను బట్టి చెప్పుచున్నాడు. నూటికి నూరుపాళ్ళు నిశ్చయము ఏ వైద్యునికిని లేదు, ఏ యంత్రమునకును లేదు. భయపడు విశ్వాసి కోరునది ఆ నూరవ పాలునే. సృష్టిలో లేనిదానిని అతడు ఆసుపత్రులలో వెదకుచున్నాడు. రేపేమి సంభవించునో మనుష్యునికి తెలియదని యాకోబు పత్రిక (4:14) చెప్పును. ఈ మాట ఆరోగ్యవంతునికిని రోగికిని సమానమే.

సంస్కర్తయైన మార్టిన్ లూథర్ 1505లో మఠములో చేరిన తరువాత ఇట్టి వలయములోనే చిక్కుకొనెను. అతడు తడవి చూచుకొనినది మెడను కాదు, మనస్సాక్షిని. గంటలకొలది పాపములొప్పుకొనును, లేచి పోవును, మరచిన పాపమొకటి జ్ఞప్తికి రాగా తిరిగి వచ్చును. క్షమాపణ మాట విన్న కొలదిసేపటికే సందేహము తిరిగి పుట్టును. అతని గురువైన స్టౌపిట్జ్ అతని దృష్టిని తననుండి క్రీస్తు గాయములవైపు త్రిప్పుటకు శ్రమపడెను. తన లోపల వెదకినంతకాలము లూథర్‌కు నెమ్మది లేదు. తనకు వెలుపలనున్న క్రీస్తునందు, ఆయన పలికిన మాటయందు అది దొరికెను. రోగభయమునకును ఇదే మార్గము. ఎంత తడవినను మెడ నిశ్చయతనియ్యదు.

అందువలన సంఘము అట్టివానికి నీకేమియు కాదని వాగ్దానము చేయరాదు. దేవుడు అట్టి వాగ్దానము చేయలేదు. ఎపఫ్రొదితు చావునకు సమీపించునంతగా రోగియాయెను; దేవుడు అతనిని కనికరించెను (ఫిలిప్పీ. 2:27). త్రోఫిము రోగియై మిలేతులో విడువబడెను (2 తిమోతి 4:20). ఇద్దరును ప్రభువువారే. 1563లో వెలువడిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి తన మొదటి ప్రశ్నలోనే జీవములోను మరణములోను ఏకైక ఆదరణ ఏదని అడిగి, శరీరాత్మలతో క్రీస్తు సొత్తయియుండుటయే అని బోధించెను. ఈ ఆదరణ పరీక్షల కాగితముమీద ఆధారపడదు. కాగితము మంచిదైనచో కృతజ్ఞత చెల్లించవలెను. చెడ్డదైనను ఆ సొత్తు చేయి మారదు. వాపు వ్యాధియైనచో ఏమగునను ప్రశ్నకు జవాబు దొరికినవానికే వాపు వ్యాధి కాదను మాట వినుటకు చెవులు తెరచుకొనును.

జాన్ వెస్లీ 1753 నవంబరు 26న, 50 ఏండ్ల వయస్సులో, క్షయతో మరణింతునని తలంచి తన సమాధిపై వ్రాయవలసిన మాటలను తానే వ్రాసియుంచెను. ఆ కాగితమును ప్రక్కనుంచి, కోలుకొనుచున్న దినములలో, 1754 జనవరిలో క్రొత్త నిబంధన వ్యాఖ్యానమును ప్రారంభించెను. అతడు మరణించినది 1791లో, 87 ఏండ్ల వయస్సులో. మరణమునకు సిద్ధపడుట ఒక దినపు పని. ఆ మీదట మిగిలినది సేవ.

7. ఇంటివారును సంఘమును చేయదగినవి

మొదట చేయరాని మూడింటిని చెప్పవలెను. ఎగతాళి చేయరాదు. అవిశ్వాసమని నిందింపరాదు. దయ్యమని పేరు పెట్టి గద్దింపరాదు. 2023లో స్వీడనులో వెలువడిన ఒక విస్తారమైన పరిశోధన, ఈ రుగ్మత నిర్ణయింపబడినవారు ఇతరులకంటె సగటున సుమారు 5 ఏండ్లు ముందుగా మరణించుచున్నారనియు, వారిలో ఆత్మహత్య సుమారు నాలుగు రెట్లు అధికమనియు చూపెను. కనుక ఇది నవ్వదగిన బాధ కాదు. అట్టివాడు చావును గూర్చి మాటలాడినచో వెంటనే వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సేవ 14416 సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోను దొరకును.

చేయదగినవి ఇవి. భార్య దినమునకు పదిమారులు లేదండీ అని చెప్పుట ప్రేమచేతనే. కాని అది గానుగను త్రిప్పుచున్నది. దానికి బదులు, “డాక్టరుగారు చెప్పినది ఇద్దరము విన్నాము గదండీ, ఇప్పుడు మీకు భయముగా నున్నది, నేను ప్రక్కనే కూర్చుందును” అనుట మేలు. వాపును గూర్చిన ప్రశ్నకు జవాబియ్యక, భయపడు మనిషికి తోడగుట ఇందులోని మర్మము. అయితే ఈ సంగతిని ముందుగా ఇద్దరును కూర్చుండి మాటలాడుకొని ఒప్పుకొనవలెను. లేనియెడల అది కఠినత్వముగా తోచును.

కాపరి అతనిని తన కుటుంబ వైద్యుడొక్కనియందే నిలిచియుండునట్లు ప్రోత్సహింపవలెను. తిరిగి చూపించవలసిన తేదీని వైద్యునిచేతనే వ్రాయించి, ఏయే మార్పులు కనబడినచో ముందుగా రావలెనో కూడ వ్రాయించుకొనవలెను. ఆ కాగితమే అతనికి ఏడు దినముల గడువు. తడవి చూచుటను ఒక్కసారిగా మానలేనివాడు దినమునకు ఒకమారు, తరువాత వారమునకు ఒకమారు అని తగ్గించుకొనవచ్చును. మనోవైద్యుని దర్శించుటకు సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లాండు ఆసుపత్రులలో 444 మందితో జరిగి 2014లో లాన్సెట్ పత్రికలో ముద్రింపబడిన పరిశోధనలో, ఆలోచనలను అలవాట్లను మార్చు సంభాషణా చికిత్స 5 నుండి 10 భేటీలలో ఇయ్యబడెను. దాని మేలు రెండేండ్ల తరువాతను నిలిచియుండెను. కొందరికి మందులును అవసరమగును. పంటిని వైద్యునికి చూపినట్లే మనస్సును చూపవచ్చును.

ప్రార్థన విషయములోను జాగ్రత్త అవసరము. బిళ్ళ కరగెనా అని ప్రార్థన ముగింపున తడవి చూచు ప్రార్థన మరియొక పరీక్షయే. పౌలు విన్నపముతో కృతజ్ఞతను కలిపెను (ఫిలిప్పీ. 4:6). తరువాతి వచనములో దేవుని సమాధానము హృదయమునకు కావలియుండునని చెప్పుటకు అతడు వాడిన మాట పట్టణమును కాయు సైనిక పటాలమునకు వాడు మాట. ఫిలిప్పీ రోమా సైనికులు నివసించిన పట్టణము గనుక ఆ చదువరులకు అది బాగుగా తెలియును. కావలి పని వేరొకరు చేయుచున్నప్పుడు ఇంటివాడు నిద్రింపవచ్చును. 8వ వచనములో అపొస్తలుడు తలంపులకు వేరొక మేత చూపుచున్నాడు: సత్యమైనవి, మాన్యమైనవి, రమ్యమైనవి. ఖాళీగా విడువబడిన మనస్సు తిరిగి మెడయొద్దకే పోవును. దానికి పని కావలెను. ఆదివారపు పాఠశాలలో పిల్లలకు పాఠము చెప్పుట, ఆసుపత్రిలో నిజముగా పడకనున్న ఒకనిని దర్శించుట, ఇంటిలో పాడైన తలుపు బాగుచేయుట — ఇట్టి పనులలో చేతులకు మెడ జ్ఞప్తికి రాదు.

మార్పు ఒక్క దినమున రాదు. భయము తిరిగి వచ్చిన రాత్రి ఓడిపోతినని తలంపనక్కరలేదు. గిద్యోను రెండవ ప్రశ్నను సహించిన దేవుడు ఈ రాత్రి ప్రశ్నను కూడ సహించును. తెల్లవారగానే లేచి పనికి పొమ్మనును.

ధ్యానమునకు ప్రశ్నలు

1. లేవీయకాండము 13:1–8లోని పరీక్షా క్రమములో చూచువాని పని ఏది, చూపించుకొనువాని పని ఏది?

2. గిద్యోను రెండు గురుతులడిగిన తరువాత దేవుడు అతని దండును తగ్గించుటలో ఏమి నేర్పెను?

3. మత్తయి 6:27ను ఎత్తు అను అర్థముతో ఒకమారు, ఆయుష్షు అను అర్థముతో ఒకమారు చదువుడి. మీ నేటి చింతకు ఏది దగ్గరగా నున్నది?

4. మీ ఇంటిలోగాని సంఘములోగాని రోగభయముతో బాధపడువారున్నారా? వారు తదుపరి అడుగునప్పుడు మీరేమి చెప్పుదురో ముందుగానే ఆలోచించి వ్రాసికొనుడి.